వెనక గేటుకు తాళం వేసే ముందు: తూర్పు బెంగళూరు నివాస సంఘాల కమిటీలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

పణత్తూరు నుంచి బళగెరె మీదుగా వర్తూరు దాకా, అటు గుంజూరు నుంచి సర్జాపుర రోడ్డు దాకా ఉన్న అపార్ట్‌మెంట్లకు, విల్లాలకు, సైట్ల లేఅవుట్లకు కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ మధ్య మన ఏజీఎంలలో (వార్షిక సర్వసభ్య సమావేశాల్లో) ఒకే రకం తీర్మానాలు వరసగా పాసవుతున్నాయి. వెనక గేటు శాశ్వతంగా మూసేయాలి, పక్క లేఅవుట్ వైపు వీధి చివర గోడ లేపాలి, లోపలి రోడ్డు మీద బయటివాళ్ల రాకపోకలు ఆపాలి. కొన్నిచోట్ల గోడ లేచింది కూడా. లేవని చోట ఆపమనీ, లేచిన చోట మనిషి పట్టేంత దారైనా వదలమనీ అడగడానికే ఇది రాస్తున్నాను.

తెలుగులో రాయడానికి కారణం పెద్దదేమీ కాదు. మన మీటింగుల్లో సగం వాదన తెలుగులోనే నడుస్తుంది, మినిట్స్ మాత్రం ఇంగ్లీషులో రాసుకుంటాం. అనంతపురం, కడప, నెల్లూరు, గుంటూరు నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడ ఇళ్లు కొన్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. తరతరాలుగా ఈ ఊళ్లలోనే ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రెడ్ల కుటుంబాలూ ఉన్నాయి. గోడకు రెండువైపులా తెలుగువాళ్లే నిలబడి పోట్లాడుకోవడం నేను చూశాను.

నేను హిందూపురం వైపు నుంచి వచ్చిన లైసెన్సు సర్వేయర్‌ని. ఇక్కడి పొలాలు సైట్లుగా మారుతున్న రోజుల్లో గొలుసుతో మొదలుపెట్టి, తర్వాత టోటల్ స్టేషన్ అనే ఎలక్ట్రానిక్ కొలత యంత్రంతో ఈ హద్దులు కొలుస్తూ వచ్చాను. కాబట్టి ముందు మన వీధులు ఇలా ఎందుకు తయారయ్యాయో చెబుతాను. అది తెలియకపోతే నా కోరిక మీకు ఊరికే నీతులు చెప్పినట్టు ఉంటుంది.

మన ప్రాంతపు వీధులను మొత్తంగా చూసి గీసినవాళ్లు ఎవరూ లేరు. ఒక బిల్డరు రైతు దగ్గర ఒక సర్వే నంబరు కొంటాడు, కుదిరితే దాన్ని ఆనుకుని ఉన్న ఇంకో రెండు కొంటాడు. అంతా కలిపితే ఏ ఐదెకరాల పది గుంటలో అవుతుంది. అది ఒకవైపు కోసుగా, ఇంకోవైపు వంకరగా ఉంటుంది. ఆ జాగాలో ఎన్ని థర్టీ ఫార్టీలు (30×40 అడుగుల సైట్లు) పడతాయన్నదే మొదటి లెక్క. సైట్లకు పోను మిగిలింది రోడ్డు. ఆ రోడ్డు హద్దు దాకా వెళ్లి ఆగిపోతుంది, ఎందుకంటే అవతల ఇంకా రాగి చేను ఉంది. నాలుగేళ్ల తర్వాత ఆ చేనూ సైట్లవుతుంది. దాని బిల్డరు తన రోడ్డు తన లెక్కకు తగ్గట్టు గీసుకుంటాడు. రెండు రోడ్ల చివర్లూ ఎదురెదురుగా వచ్చాయంటే అది అదృష్టం. చాలాసార్లు ఒక సైటు వెడల్పు తేడాతో తప్పిపోతాయి. సరిగ్గా ఎదురొచ్చినా మధ్యలో గోడ ఉంటుంది.

ఆ గోడ వెనక డబ్బు సంగతి ఒకటుంది. పక్క పొలానికి అప్రోచ్ రోడ్డు లేకపోతే దాని రేటు పడిపోతుంది. మన లేఅవుట్ రోడ్డు దానికి కలిసిందంటే ఆ పొలం విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ లాభం తనకేమీ రాకుండా పక్కవాడికి పోవడం మొదటి బిల్డరుకు ఇష్టం ఉండదు. అందుకే కొందరు రోడ్డు చివర హద్దు వెంబడి అడుగో రెండడుగులో సన్నటి పట్టీ తమ పేరున ఉంచుకుంటారు. దారి కావాలంటే ఆ పట్టీ దగ్గర బేరం మొదలవుతుంది. బేరం కుదరకపోతే ఆ పట్టీ మీదే గోడ లేస్తుంది. తర్వాత బిల్డరు సైట్లన్నీ అమ్ముకుని వెళ్లిపోతాడు, గోడ మాత్రం అసోసియేషన్‌కు వారసత్వంగా వస్తుంది. మన భద్రత కోసమే కట్టారని మనం అనుకుంటాం. ఆ గోడ పుట్టినప్పుడు దొంగల మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యం. పాత గ్రామ నక్షా ఎప్పుడైనా చూశారా? సర్వే నంబర్ల మధ్య నుంచి జంట చుక్కల గీత ఒకటి పోతుంటుంది. అది బండిదారి. ఒంటి చుక్కలైతే కాలిదారి. ఊరి నుంచి చెరువుకు, పక్క ఊరికి, గుడికి, శ్మశానానికి మనుషులు నడిచిన దారులవి. కర్ణాటక భూ రెవెన్యూ నియమాల్లో (1966) సాగుకు రాని జాగాను రెండు రకాలుగా విడదీశారు. స్వతహాగా సేద్యానికి పనికిరానిది ‘ఎ’ ఖరాబు. దారులు, వాగులు, శ్మశానాలు లాంటి పదిమందికీ అవసరమైన జాగా ‘బి’ ఖరాబు. పహణీలో, అంటే పొలం రికార్డులో, ఈ రెండూ గుంటల లెక్కన విడివిడిగా రాసి ఉంటాయి. ‘బి’ ఖరాబు పట్టాదారుది కాదు, కాబట్టి పొలం అమ్మినప్పుడు దాన్ని కలిపి అమ్మే హక్కు అతనికి లేదు.

పొలం సైట్లయ్యేటప్పుడు మొదట చెరిగిపోయేవి ఈ గీతలే. నేల చదును చేయడానికి జేసీబీ వచ్చాక బండిదారి ఎక్కడుందో చెప్పగలిగేది నక్షా ఒక్కటే. కొలత రోజున ఊరి పెద్దాయన ఎవరో వచ్చి, ‘సార్, ఇట్లే మేము పణత్తూరుకు నడిచిపోతా ఉంటిమి’ అని కర్రతో చూపిస్తాడు. కాగితం మీద కూడా ఆ గీత ఉంటుంది. అయినా క్లబ్ హౌస్ సరిగ్గా ఆ గీత మీదే వస్తుంది.

బెంగళూరుకు వీధులు వేయడం రాదని మాత్రం అనలేం. కెంపేగౌడ 1537లో పేట కట్టించినప్పుడు ఎడ్లను నాలుగు దిక్కులకు తోలి దున్నించి, ఆ చాళ్ల వెంట వీధులు వేయించాడని చెప్పుకుంటారు. దొడ్డపేట, చిక్కపేట కలిసే చోటు అదే. దొడ్డపేటను ఇప్పుడు అవెన్యూ రోడ్డు అంటున్నాం. అక్కిపేట, బళేపేట, తరగుపేట ఎంత ఇరుకైనా ఒకదానిలోంచి ఇంకోదానిలోకి దారి ఉంటుంది. 1898 ప్లేగు తర్వాత జనం పేట ఇరుకు వదిలి బసవనగుడికి, మల్లేశ్వరానికి వెళ్లారు. అక్కడ అడ్డవీధులు (క్రాసులు) ఒకవైపు, పెద్దవీధులు (మెయిన్లు) ఇంకోవైపు వేశారు. ఇళ్ల వెనక సఫాయి పనికోసం సన్నటి కన్సర్వెన్సీ సందులు కూడా వదిలారు. ఇప్పుడు ఆ సందుల్లో బైకులు పెట్టుకుంటున్నారనుకోండి, అది వేరే గొడవ. 1948లో మొదలైన జయనగరం కూడా అంతే. ఒక మెయిన్‌లో కేబుల్ కోసం తవ్వితే పక్క మెయిన్‌లోంచి పోతాం. టెన్షన్ ఉండదు.

ఇవన్నీ ముందు వీధి గీసి, తర్వాత ఇల్లు కట్టిన చోట్లు. 1945లో వచ్చిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు, దాని తర్వాత 1976లో వచ్చిన బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ) వేసిన పాత లేఅవుట్లలో లోపాలు ఎన్నున్నా వీధులు కలుస్తాయి. ఊరు వాటికంటే వేగంగా పెరిగింది. బెంగళూరు అర్బన్ జిల్లా జనాభా 2001లో 65 లక్షలు, 2011కు 96 లక్షలు. ఆ పదేళ్లలో పెరిగిన 31 లక్షల మందికి సైట్లు ప్రభుత్వ లేఅవుట్లలో దొరకలేదు. పొలాన్ని అనుమతి లేకుండా ముక్కలు చేసిన రెవెన్యూ సైట్లలో, పూర్తి మంజూరు లేని బీ ఖాతా ఇళ్లలో, మనలాంటి గేటెడ్ జాగాల్లో దొరికాయి. 2007లో ఏడు నగరసభలను, ఒక పురసభను, 110 ఊళ్లను కలిపి బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) చేసేనాటికి ఆ ఊళ్ల చుట్టూ పొలాలు చాలావరకు ముక్కలైపోయాయి. పేరు మారింది గానీ మ్యాపు మారలేదు. 2025లో గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చింది, దాని కింద ఐదు నగర పాలికెలు (కార్పొరేషన్లు) వచ్చాయి. మనం తూర్పు పాలికెలో పడ్డాం. పణత్తూరు రోడ్డు వెడల్పు ఆ పూట కూడా అంతే ఉంది.

ఇదంతా ఒక్క బెంగళూరు జబ్బేనా అని అడిగేవాళ్ల కోసం ఒక పరిశోధన గురించి చెబుతాను. క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు వీధుల అమరికనే పట్టుకుని ఊళ్ల విస్తరణను కొలిచారు. ఇళ్లు ఎంత పల్చగా ఉన్నాయన్నది పక్కన పెట్టి, ప్రతి కూడలిలో ఎన్ని దారులు కలుస్తున్నాయో చూశారు. నాలుగు కలిస్తే మేలు, మూడు కలిస్తే పర్వాలేదు, ఒక్కటే ఉంటే అది చివర మూసుకుపోయిన వీధి. దాంతోపాటు ఒక చోటు నుంచి ఇంకో చోటికి గీత గీస్తే వచ్చే దూరానికీ, రోడ్డు మీద పోతే వచ్చే దూరానికీ తేడా చూశారు. ఇలాంటి కొలతలన్నీ కలిపి, వీధులు ఎంతగా తెగి ఉన్నాయో చెప్పే ఒక సూచిక తయారుచేశారు.

2015లో అమెరికా మీద, 2020లో ప్రపంచం మొత్తం మీద వాళ్ల ఫలితాలు వచ్చాయి. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దమంతా కొత్త వీధులు తెగిపోతూనే వచ్చి, 1994 ప్రాంతంలో ఆ ధోరణి తారస్థాయికి చేరింది. ఆ తర్వాత తగ్గడం మొదలైంది. చివర మూసుకుపోయే వీధులను ప్రభుత్వమే మెచ్చుకుని ప్రోత్సహించిన దేశం అది. 1930లలో ఇళ్ల రుణాలకు హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థ గళ్ల వీధులు వద్దని సలహాలు అచ్చువేసి మరీ పంచింది. వాళ్లే వెనక్కి తిరుగుతుంటే ప్రపంచంలో చాలా చోట్ల మాత్రం 1975 నుంచీ కొత్త వీధులు ఇంకా ఇంకా తెగిపోతున్నాయి. ఆగ్నేయాసియాలో గేటెడ్ కాలనీల వల్ల ఇది మరీ ఎక్కువ. అర్జెంటీనా, పెరూ లాంటి చోట్ల, జపాన్‌లో వీధులు కలిసే పద్ధతి చాలావరకు నిలబడింది.

వాళ్లు చెప్పినవాటిలో నన్ను ఆపేసిన మాట ఇంకోటుంది. ఒకసారి వేసిన వీధి మళ్లీ మారడం దాదాపు జరగదు. ఇల్లు పడగొట్టి కడతారు, ఫ్లోర్లు పెంచుతారు, షాపు పెడతారు. వీధి గీత మాత్రం అలాగే ఉంటుంది. కెంపేగౌడ నాటి కూడలి ఇప్పటికీ కూడలే. ఆ లెక్కన మనం ఈ ఏడాది ఏజీఎంలో చేతులెత్తి కట్టే గోడ మన మనవళ్ల ట్రాఫిక్‌కు కూడా అడ్డంగానే ఉంటుంది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. గళ్ల వీధులున్న చోట ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎలా నడిచినా, గీత దూరానికి 1.41 రెట్లు దాటదు. ఇది స్కూలు జామెట్రీయే, చతురస్రం రెండు భుజాలకూ కర్ణానికీ ఉన్న నిష్పత్తి. మా ఇంటి టెర్రస్ మీంచి చూస్తే పిల్లల స్కూలు మైదానం కనిపిస్తుంది, మహా అయితే 300 మీటర్లు. రోడ్డు మీద వెళితే రెండున్నర కిలోమీటర్లు. ఎనిమిది రెట్లు! మధ్యలో రెండు గోడలున్నాయి, రెండూ రెండు అసోసియేషన్లవి. పేర్లు చెప్పను, వాళ్లూ ఈ ఉత్తరం చదువుతారు. అందుకే నడిచి పోవాల్సిన పిల్లలు బస్సెక్కుతారు, ఆ బస్సు బళగెరె రోడ్డు మీదికి వస్తుంది. అదే రోడ్డు మీదికి నీళ్ల ట్యాంకర్లు, ఆఫీసు క్యాబులు, డెలివరీ బైకులు, రెడీమిక్స్ లారీలు కూడా వస్తాయి.

మన ప్రాంతం మ్యాపు చూస్తే చెట్టు బొమ్మ చూసినట్టుంటుంది. ఈ రెమ్మ నుంచి ఆనుకుని ఉన్న రెమ్మకు పోవాలన్నా మాను దాకా దిగి మళ్లీ ఎక్కాలి. పాలకు, మందుల షాపుకు, ట్యూషన్‌కు, అన్నిటికీ మానే దిక్కు. ఎనిమిది లేఅవుట్ల లోపలి రోడ్లు రోజంతా ఖాళీగా ఉంటాయి, వాటి మనుషులందరూ బయట ఒక్క రోడ్డు మీద హారన్ కొడుతుంటారు. ఆ రోడ్డు పణత్తూరు రైల్వే వంతెన దగ్గర జామవుతుంది. అక్కడ ఎవరిని తిట్టాలో తెలియక అందరం ప్రభుత్వాన్ని తిడతాం. తిట్టాల్సినంత ఉంది కూడా. 73 కిలోమీటర్ల పెరిఫెరల్ రింగ్ రోడ్డు ఎన్నేళ్లుగా కాగితం మీద ఉందో మీకు తెలుసు. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా వేల కోట్లతో సొరంగం తవ్వుతామని మాట్లాడుతున్నారు. ఆ సొరంగం వచ్చినా మా పిల్లల స్కూలు రెండున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది.

మెట్రో సంగతీ అంతే. పర్పుల్ లైను 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ కాడుగోడి దాకా పూర్తిగా నడుస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద బ్లూ లైను కడుతున్నారు, కాడుబీసనహళ్లి దగ్గరా మారతహళ్లి దగ్గరా స్టేషన్లు వస్తాయి. స్టేషన్ చుట్టూ ఒక కిలోమీటరు గీసి ఇంతమంది నడిచి వస్తారని లెక్క వేస్తారు. గోడలున్న చోట ఆ ఒక కిలోమీటరు మూడవుతుంది, మూడు కిలోమీటర్లు నడిచేవాళ్లెవరు? బండి తీస్తారు. తీశాక స్టేషన్ దగ్గర ఎక్కడ ఆపుతాంలే అని నేరుగా ఆఫీసుకే పోతారు.

2022 సెప్టెంబరు మీకెవరికీ గుర్తు చేయనక్కర్లేదు. సర్జాపుర రోడ్డు వైపు కోట్ల రూపాయల విల్లాల నుంచి జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో తెచ్చారు. నీళ్లు రావడానికి కారణాలు వేరు. వాననీళ్లు పోయే పెద్ద కాలువలు, అంటే రాజకాలువలు, కబ్జా అయ్యాయి, పల్లపు జాగాల్లో ఇళ్లు కట్టారు. అయితే ఒక్కటే గేటున్న లేఅవుట్‌లో ఆ గేటు ముందు నీళ్లు నిలిస్తే బయటపడటానికి ఇంకో వైపు ఉండదు. అగ్నిప్రమాదం జరిగినా, రాత్రిపూట ఎవరికైనా గుండెపోటు వచ్చినా అంతే. ఇదే సందర్భంలో ఇంకో మాట కూడా చెప్పాలి. వీధులు కలపాలి కదా అని చెరువు అంచున, రాజకాలువ మీద రోడ్డు వేయమని నేను అడగడం లేదు. వర్తూరు చెరువు చుట్టూ తిరిగి రావాల్సిందే. నీటికి దాని దారి దానికి ఉండాలి.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు, మీటింగుల్లో విన్నాను. మొదటిది దొంగతనాల భయం. ఇది కొట్టిపారేసే భయం కాదు, ముఖ్యంగా పగలంతా పెద్దవాళ్లు ఒక్కరే ఉండే ఇళ్లలో. కానీ నేను అడుగుతున్నది గేటు పీకేయమని కాదు. నాలుగడుగుల వెడల్పు నడక గేటు, దానికో కెమెరా, ఉదయం ఐదు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉండటం. కారు పట్టకుండా మధ్యలో ఒక ఇనుప స్తంభం పాతండి. వీధిలో మనుషులు నడుస్తూ ఉంటే దొంగకు సౌకర్యం కాదు, ఇబ్బంది. ఇరువైపులా ఎత్తయిన గోడలుండి పురుగు కూడా తిరగని మన వెనక రోడ్లలో రాత్రి ఎనిమిదింటికి ఆడపిల్లలు నడవడానికి జంకుతున్నారు, అది కూడా భద్రత లెక్కలోకే రావాలి కదా.

రెండోది, కలిపితే ట్రాఫిక్ అంతా మా వీధిలోకి వస్తుందనే మాట. ఒక్క లేఅవుట్ మాత్రమే తెరిస్తే నిజంగానే వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు జామైతే మ్యాపు చూసి క్యాబులన్నీ ఆ ఒక్క సందులో దూరతాయి. పది చోట్ల తెరిస్తే పంచుకుపోతుంది. అంతవరకూ నడిచేవాళ్లకు, సైకిళ్లకు, అంబులెన్సుకు, ఫైరింజనుకు తెరిస్తే చాలు. అందుకే ఈ ఉత్తరం ఒక్క కమిటీకి రాయకుండా అందరికీ కలిపి రాశాను.

మూడోది, ‘మేం డబ్బు పెట్టి కొన్నాం, రోడ్డు మాది’. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. అపార్ట్‌మెంట్ కాంపౌండు లోపల బ్లాకుల మధ్య ఉన్న రోడ్డు మీదే, దానితో ఎవరికీ పని లేదు. సైట్ల లేఅవుట్ వేరు. ప్లాన్ మంజూరు కావాలంటే రోడ్లు, పార్కులు, సీఏ సైట్లు (ప్రజా సౌకర్యాలకు వదిలిన జాగాలు) స్థానిక సంస్థకు రిలింక్విష్‌మెంట్ డీడ్, అంటే హక్కు వదులుకునే పత్రం, రాసి ఇచ్చేయాలి. అలా రాసిచ్చిన రోడ్డు అందరిదీ. మనం మెయింటెనెన్స్ కట్టినా, గార్డును పెట్టుకున్నా, ‘విజిటర్స్ నాట్ అలవ్డ్’ అని బోర్డు రాయించినా అది మారదు. మీ లేఅవుట్ మంజూరు ప్లాను, ఆ డీడు మీ ఫైళ్లలో ఉండాలి. లేకపోతే బిల్డరును అడగండి. బీ ఖాతా లేఅవుట్లలో మంజూరూ ఉండదు, డీడూ ఉండదు. అక్కడ గోడకు చట్టం చుట్టరికం ఎంత తక్కువో వాళ్లకే తెలుసు.

మనం ఎప్పుడూ మాట్లాడని అభ్యంతరం ఒకటుంది. అది గోడకు అవతలివాళ్లది. మన ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు చాలామంది పాత ఊరి లోపల చిన్న చిన్న గదుల్లో అద్దెకుంటారు. ఊరు మన ప్రహరీకి ఆనుకునే ఉంటుంది. వాళ్లు పొద్దున్నే మన మెయిన్ గేటుకు రావడానికి ఊరంతా చుట్టి, ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ట్యాంకర్ల పక్కన నడుస్తారు. ఆరింటికి రావాల్సిన మనిషి ఆరున్నరకు వస్తే వాట్సాప్ గ్రూపులో కంప్లయింట్ పెడతాం. ఊరి పాత కుటుంబాల బాధ ఇంకో రకం. శవాన్ని శ్మశానానికి తీసుకెళ్లే దారి లేఅవుట్ మధ్యలో పడింది. పండగ రోజు దేవుడి పల్లకి వెళ్లే దారికి గేటు వచ్చింది, ఆ గేటు దగ్గర గార్డు రిజిస్టరులో పేరు రాయమంటాడు. ఆ ఊరేగింపులో నడిచే పెద్దాయన ఒకప్పుడు ఆ నేలకు పట్టాదారు.

ఇక అడగాల్సినవి అడుగుతాను.

మొదట మీ జాగా కింద ఏముందో చూసుకోండి. సర్వే శాఖ ఇచ్చే దిశాంక్ యాప్ ఫోన్లో వేసుకుని మీ లేఅవుట్‌లో నిలబడితే సర్వే నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు పహణీ తీసి ‘బి’ ఖరాబు ఎన్ని గుంటలుందో చూడండి. గ్రామ నక్షా కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. జంట చుక్కల గీత మీ గోడ కిందనుంచి పోతోందంటే ఆ దారి ఎప్పుడో ఒకప్పుడు అడిగేవాళ్లు వస్తారు. కోర్టు కాగితంతో రాకముందే మీరే తెరిస్తే గౌరవంగా ఉంటుంది, వకీలు ఖర్చూ మిగులుతుంది.

తర్వాత, పక్క అసోసియేషన్‌తో కూర్చోండి. గోడకు అటూ ఇటూ వీధి చివర్లు ఎదురెదురుగా ఉన్న చోట్లు నాకు తెలిసినంతలో చాలా ఉన్నాయి. అక్కడ కొనాల్సిన జాగా ఏమీ లేదు. కొంత గోడ తీసి ఒక గేటు పెడితే సరిపోతుంది. ఖర్చు రెండు సంఘాలూ పంచుకుంటే ఫ్లాటుకు ఒక పూట బిర్యానీ అంత కూడా పడదు. మొదట ఆర్నెల్లు ప్రయోగంగా పెట్టి చూడండి. దొంగతనాలు పెరిగాయా, గొడవలు వచ్చాయా అనేది మీ గార్డు రిజిస్టరే చెబుతుంది.

మూడోది కొంచెం పెద్ద పని. మన మధ్య ఇంకా సైట్లు కాని చేలు మిగిలి ఉన్నాయి, గుంజూరు దాటాక మరీ ఎక్కువ. అవి రేపు లేఅవుట్లవుతాయి. వాటి ప్లాను ఆఫీసుకు వెళ్లినప్పుడు, మన వీధి ఆగిన చోటనే వాళ్ల వీధి మొదలవ్వాలని సంఘాలన్నీ కలిసి రాతపూర్వకంగా అడగాలి. ప్రణాళికా సంస్థకూ, తూర్పు పాలికెకూ ఇవ్వాల్సిన అర్జీ ఇది. ఇందులో మరీ కొత్త సంగతేమీ లేదు. అహ్మదాబాద్‌లో 1915 నాటి బొంబాయి చట్టం దగ్గర్నుంచీ టౌన్ ప్లానింగ్ స్కీముల కింద చేలన్నిటినీ కలిపి, ముందు రోడ్లు గీసి, మిగిలింది రైతులకు సరిచేసి తిరిగి ఇస్తున్నారు. మన అమరావతిలో 30 వేలకు పైగా ఎకరాలు సమీకరించి ‘ఈ’ రోడ్లు, ‘ఎన్’ రోడ్లు అంటూ గళ్లు గీశారు. రాజధాని మీద మీ రాజకీయం ఏదైనా కావచ్చు, ముందు గీత, తర్వాత గోడ అనే వరస మాత్రం సరైనదే. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 2009లో ఇంకోలా చేసింది. పక్కవాటితో కలవని కొత్త కాలనీ వీధులను నిర్వహణకు తీసుకోబోమని బిల్డర్లకు చెప్పింది. తర్వాత నిబంధన కొంత సడలించారు గానీ, బిల్డరుకు అర్థమయ్యే భాష అదే అని నా అభిప్రాయం.

హైదరాబాద్‌లో లింకు రోడ్ల కోసం ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టి, కట్టేసిన ఇళ్ల మధ్య నుంచి తెగిన వీధులను వెతికి కలపడం మొదలుపెట్టారు. అక్కడున్న మీ బంధువులను అడగండి, ఎంత భూసేకరణ, ఎన్ని కేసులో చెబుతారు. చేనుగా ఉన్నప్పుడు ఒక గీతతో అయ్యే పని ఇల్లు లేచాక కోట్లలోకి వెళుతుంది.

రాబోయే ఏజీఎంలో వెనక గేటు తీర్మానం ఎజెండాలో ఉంటే దాన్ని ఓటుకు పెట్టేముందు నాకు అరగంట ఇవ్వండి. మీ లేఅవుట్ గ్రామ నక్షా పెద్దగా ప్రింటు తీసి తెస్తాను. ఫీజు అక్కర్లేదు. పాత ఊరి నుంచి ఇద్దరు పెద్దవాళ్లనూ పిలవండి, ఏ దారి ఎక్కడుండేదో వాళ్లు నాకంటే బాగా చెబుతారు. మీటింగు ఆదివారం ఉదయం పెడితే మంచిది, సాయంత్రమైతే వాళ్లు పాలు పితికే వేళ.

ఇట్లు,
బళగెరె రోడ్డు మీ పక్క గోడవాడు,
ఒక సర్వేయర్